పేడ ఎత్తేది మేము, సంఘం కుర్చీ ఎవరిది? అనంత కరువు సీమలో పాలు, కులం, రాజకీయం

అనంతపురం జిల్లాలో ఏ పల్లెకైనా తెల్లవారుజామున వెళ్లి చూడండి. పాల కేంద్రం ముందు క్యాన్లు, చెంబులు, స్టీలు బిందెలు వరసలో ఉంటాయి. లోపల ఒకరు పాలు కొలుస్తారు, ఒకరు మిషన్లో వెన్న శాతం చూస్తారు, ఒకరు పుస్తకంలో రాస్తారు. పావుగంటలో పని అయిపోతుంది. చూసేవాళ్లకు ఇది మామూలు వ్యాపారమే అనిపిస్తుంది. కానీ ఆ వరసలో ఎస్సీ కాలనీ నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది? కొలిచే మనిషి ఎవరు? పుస్తకం ఎవరి చేతిలో ఉంది? సంఘం అధ్యక్షుడు ఏ వీధిలో ఉంటాడు? ఈ నాలుగు ప్రశ్నలు వేస్తే ఆ ఊరి అధికారం ఎక్కడుందో తెలిసిపోతుంది.

తెలుగు నేల మీద పాడి పరిశ్రమను కొత్త దారి పట్టించి, దాని మీదుగానే రాజకీయాల్లో ఎదిగినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల జీవితాలను విజయగాథలుగా చెప్పుకోవడం మనకు అలవాటు. అదే దారిలో మాదిగలు, మాలలు ఎందుకు కనబడరన్నదే ఈ వ్యాసం అడుగుతున్న ప్రశ్న.

కరువు నేల పాలవైపు ఎందుకు తిరిగింది

అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్య రుతుపవనం వచ్చేసరికి సత్తువ ఉడిగిపోతుంది. పడిన ఆ కాస్త వాన కూడా అదనులో పడదు. ఈ నేలలో లక్షల హెక్టార్లలో వేసిన వేరుశనగ ఒకే పంట మీద జిల్లా మొత్తాన్ని నిలబెట్టింది, అదే పంట పోయినప్పుడు జిల్లా మొత్తాన్నీ పడగొట్టింది. రైతుల ఆత్మహత్యలు, బెంగళూరుకూ కేరళకూ వలసలు, ఎండిన బోర్లు మనందరికీ తెలిసినవే.

పంట పోయినా చేతికి ఎంతో కొంత డబ్బు తెచ్చేది ఎనుమో ఆవో. కాయ రాకపోయినా వేరుశనగ కట్టె మేతకు పనికొస్తుంది. పంట డబ్బు ఏడాదికి ఒకసారి వస్తే, పాల బిల్లు పది పదిహేను రోజులకొకసారి వస్తుంది. బిడ్డ ఫీజు, మందుల ఖర్చు, పొదుపు సంఘం కిస్తీ దాంట్లోంచే పోతాయి. మెట్ట సీమలో పాడిని ఆడవాళ్ల ఏటీఎం అనేది అందుకే. గడ్డి కోసేది, కుడితి పెట్టేది, పేడ ఎత్తేది, పాలు పిండేది ఎక్కువగా వాళ్లే.

అంటే కరువును తట్టుకోవడానికి పాడి ఒక ఊతకర్ర. ఆ కర్ర అందరికీ ఒకే ఎత్తులో అందడం లేదు.

పాల డబ్బా నుంచి అసెంబ్లీ దాకా

పాలకూ రాజకీయానికీ ఉన్న చుట్టరికం కొత్తది కాదు. 1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో పాల సహకార సంఘాన్ని నిలబెట్టిన త్రిభువన్‌దాస్ పటేల్ స్వాతంత్ర్య సమరయోధుడు, కాంగ్రెస్ నాయకుడు. పోల్సన్ అనే ప్రైవేటు కంపెనీ గుత్తాధిపత్యం మీద రైతులు చేసిన పాల సమ్మె నుంచి ఆ సంఘం పుట్టింది. 1949లో వర్గీస్ కురియన్ వచ్చి చేరారు. గేదె పాలతో పాలపొడి చేయడం కుదరదన్న మాటను దలాయా అనే ఇంజనీరు అబద్ధం చేశారు. అదే అమూల్. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ ఈ నమూనానే దేశమంతా తీసుకెళ్లింది. కింద గ్రామ సంఘం, మధ్యలో జిల్లా యూనియన్, పైన రాష్ట్ర సమాఖ్య. మన దగ్గర ఆ పైమెట్టు పేరు విజయ.

ఈ మూడంతస్తుల ఇంట్లోంచి నాయకులు పుట్టారు. గుంటూరు జిల్లాలో 1977లో మొదలైన సంగం డెయిరీ పేరు చెబితే ధూళిపాళ్ల వీరయ్య చౌదరి గుర్తుకొస్తారు. డెయిరీని నడిపిన ఆయనే పొన్నూరు ఎమ్మెల్యే. ఆయన పోయాక 1994 నుంచి 2014 దాకా కొడుకు నరేంద్ర కుమార్ అదే నియోజకవర్గం నుంచి వరసగా గెలిచారు, డెయిరీ చైర్మన్ కూడా అయ్యారు. 2021 ఏప్రిల్‌లో డెయిరీ వ్యవహారాల మీద ఏసీబీ కేసు పెట్టి ఆయన్ను అరెస్టు చేసింది. ప్రభుత్వం డెయిరీని తన చేతిలోకి తీసుకుంటూ ఉత్తర్వు ఇస్తే హైకోర్టు దాన్ని నిలిపేసింది. ఆ కేసు మంచిచెడ్డలు కోర్టులు తేల్చాల్సినవి. మనం గమనించాల్సింది ఒకటుంది: ఒక ప్రభుత్వం తన ప్రత్యర్థి మీదికి పోయేటప్పుడు పాల డెయిరీ దగ్గరే ఆగిందంటే, అక్కడున్నది ఒట్టి పాలు కాదు.

విశాఖ డెయిరీకి ఆడారి తులసీరావు మూడు దశాబ్దాలకు పైగా చైర్మన్‌గా ఉన్నారు. ఆయన కొడుకు 2019లో అనకాపల్లి లోక్‌సభకు పోటీ చేశారు. చిత్తూరు జిల్లాలో సహకార డెయిరీ 2002లో మూతపడింది. ఆ జిల్లాకే చెందిన చంద్రబాబు నాయుడు 1992లో పెట్టిన హెరిటేజ్ పెద్ద కంపెనీ అయ్యింది. ఈ రెండింటికీ సంబంధముందా లేదా అన్నది పార్టీలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాయి. 2020 డిసెంబరులో జగన్ ప్రభుత్వం అమూల్‌తో కలిసి జగనన్న పాల వెల్లువ మొదలుపెట్టి, తర్వాతి ఏడాది చివరికి అనంతపురానికి తెచ్చింది. ఏ పార్టీ చూసినా పాల కేంద్రాన్ని వదిలిపెట్టలేదు.

ఎందుకు? సంఘం అధ్యక్షుడికి ఊళ్లో ప్రతి పాడి ఇల్లూ తెలుసు. రోజుకు రెండుసార్లు మనుషులు ఆయన మనిషి ముందు వరసలో నిలబడతారు. ఎవరికి అడ్వాన్సు ఇవ్వాలి, ఎవరి పాలు తిప్పి పంపాలి, దాణా ఎవరికి అప్పుగా ఇవ్వాలి, లోను కాగితం మీద ఎవరికి సంతకం పెట్టాలి, ఇవన్నీ ఆయన చేతిలో ఉంటాయి. ఎన్నికలు ఐదేళ్లకొకసారి వస్తే, పాల కేంద్రంలో ఓట్ల పని రోజూ జరుగుతుంది. ఇలాంటి వంద ఊళ్ల అధ్యక్షులు కలిసి జిల్లా చైర్మన్‌ను ఎన్నుకుంటే, ఆ చైర్మన్‌కు ఏ పార్టీ అయినా టికెట్ ఇస్తుంది.

ఈ నాయకులు చేసిన పనిని తక్కువ చేయాల్సిన అవసరం లేదు. చిల్లర దళారీ చేతిలో మోసపోయే రైతుకు కొలత, రేటు, బిల్లు తెచ్చిపెట్టారు. పశువుల డాక్టరును, ఎద కట్టించే సూదిని ఊరికి తెచ్చారు. కానీ ఆ కొత్తదనం ఎవరి పొలం గట్టు దాకా వచ్చి ఆగిపోయిందో కూడా చెప్పుకోవాలి.

ఎనుము ఒక్కటే చాలదు

దళితులకు పాడి పథకం అంటే మన ప్రభుత్వాలకు వెంటనే తట్టేది సబ్సిడీ ఎనుము. ఎస్సీ కార్పొరేషన్ లోను, బ్యాంకు వాటా, సంతలో కొనుగోలు, ఫోటో. ఏడాది తిరిగేసరికి ఆ ఎనుము ఇంటి దగ్గర ఉండదు. ‘వాళ్లకు సాకడం రాదు, అమ్ముకు తిన్నారు’ అనేది ఆఫీసుల్లో వినబడే మాట. లెక్క చూద్దాం.

పాలిచ్చే సంకర జాతి ఆవుకు రోజుకు దాదాపు 15 నుంచి 20 కిలోల పచ్చి మేత, నాలుగైదు కిలోల ఎండు మేత, పైన దాణా కావాలి. ఎండాకాలంలో అరవై లీటర్లకు తక్కువ కాకుండా నీళ్లు తాగుతుంది. నేపియర్ లాంటి పచ్చిగడ్డి ఏడాది పొడుగునా రావాలంటే బోరు కింద కొద్దిపాటి తడి పొలం ఉండాలి. అనంతపురంలో బోరు అంటే జూదం. మూడు నాలుగు బోర్లు ఎండినా ఐదోది వేయగలిగినవాడే నిలబడతాడు. అంత అప్పు పుట్టేది ఎవరికి?

జిల్లా జనాభాలో దళితులు దాదాపు 14 శాతం. వాళ్లలో భూమి ఉన్నవాళ్లకు ఉన్నది ఎక్కువగా డీకేటీ పట్టా భూమి. గుట్ట వాలు, రాళ్ల నేల, ఊరికి దూరం. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అలాంటి భూమి చేతులు మారకుండా ఆపాలనుకుంది. కానీ కాగితం ఒకరి పేర, సాగు ఇంకొకరిది అయిన సంగతి ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. 2023లో చట్టం మార్చి, ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన భూమిని అమ్ముకోవచ్చన్నారు. హక్కు వచ్చిందని కొందరు, ఉన్నదీ పోతుందని కొందరు అన్నారు. పాడి వైపు నుంచి చూస్తే మాత్రం, గడ్డి పెంచుకునే సొంత చెక్క లేనివాడు గడ్డి కోసం ఎవరో ఒకరి గట్టుకు పోవాల్సిందే.

ఆ గట్టు ఎవరిది? భూస్వామిది. గడ్డి కోసుకోనిస్తాడు, బదులుగా కూలికి పిలిచినప్పుడు రావాలి, రేటు అడగకూడదు, ఓటు చెప్పినచోట వేయాలి. ఇక ఊరుమ్మడి బీడు, పోరంబోకు, చెరువు లోపలి నేల ఒకప్పుడు భూమి లేనివాడి మేత. అవి ఆక్రమణలకు, పథకాలకు, సోలార్ ప్యానెళ్లకు పోయేకొద్దీ మొదట మేత పోయేది దళితవాడ పశువుకే.

కాబట్టి ఎనుము ఇచ్చి మేత, నీళ్లు ఇవ్వకపోవడమంటే మనిషికి ఆకలిని అప్పు కింద ఇవ్వడం. అమ్ముకున్నారంటే ఓడింది ఆ మనిషి కాదు, పథకం.

మిషన్ నొక్కే వేలు

పాలకు రేటు కట్టే పద్ధతి విద్యార్థులు తెలుసుకోవాలి. గేదె పాలకు ఎక్కువగా వెన్న శాతం మీద ధర. ఆవు పాలకు వెన్నతో పాటు వెన్నేతర ఘనపదార్థాలు, అంటే ఎస్ఎన్ఎఫ్ కూడా చూస్తారు. ఉదాహరణకు కిలో వెన్నకు 700 రూపాయల రేటు అనుకుందాం. ఒకామె ఐదు లీటర్ల ఎనుము పాలు పోసింది. బరువు సుమారు 5.15 కిలోలు. వెన్న 6 శాతం వస్తే ఆమెకు 216 రూపాయలు. మిషన్లో 5.5 అని పడితే 198 రూపాయలు. అర శాతం తేడాకు రోజుకు 18 రూపాయలు, నెలకు 540.

ఈ అర శాతాన్ని కళ్లతో చూసి పట్టుకోలేం. పాలు కలిపే తీరు, మిషన్ శుభ్రత, దాన్ని సరిచూసిన తేదీ, ఇవన్నీ తేడా తెస్తాయి. అడిగే ధైర్యం ఉన్నవాళ్లకు రెండోసారి పరీక్ష చేస్తారు. అడగలేనివాళ్లకు పడినదే లెక్క. నమ్మకం మీద నడిచే చోట కులం ఇలా పని చేస్తుంది, తిట్టు లేకుండా, దెబ్బ లేకుండా.

‘మీ పాలు వద్దు’

తిట్టుతో పనిచేసే చోట్లు కూడా ఉన్నాయి. ఘన్‌శ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్, సతీష్ దేశ్‌పాండే, అమితా బావిస్కర్ కలిసి 2006లో తెచ్చిన అధ్యయనం 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల్లో అంటరానితనాన్ని లెక్కగట్టింది. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పాల సంఘాలున్న గ్రామాల్లో 47 శాతం చోట్ల దళితులను పాలు పోయనివ్వడం లేదని అందులో తేలింది. దాదాపు నాలుగోవంతు చోట్ల కొననివ్వడం కూడా లేదు. సహకారం అన్న మాటకు అర్థం ఇంత దూరమే వెళ్లింది.

ఇందులోని వింత చూడండి. దొర కొట్టంలో జీతానికుండి పశువును మేపింది మాదిగ పిల్లవాడు. పేడ ఎత్తింది మాల ఆడబిడ్డ. గొడ్డు చస్తే ఈడ్చుకెళ్లింది, తోలు తీసింది, చెప్పులు, మోట తొండాలు కుట్టింది మనవాళ్లు. ఊరి పశుసంపద పుట్టుక నుంచి చావు దాకా ఈ చేతుల మీదుగానే నడిచింది. ఆ చేతులు సొంత ఎనుమును పిండితే మాత్రం ఆ పాలకు మైల అంటుకుంటుందట! అంటే అడ్డం వచ్చింది చెయ్యి కాదు, సొంతం అన్న మాట.

1985 జూలైలో కారంచేడు కూడా పశువు దగ్గరే మొదలైందన్నది మరిచిపోకూడదు. గేదెలకు వాడిన బకెట్లను మాదిగలు తాగే చెరువు నీళ్లలో కడుగుతుంటే కత్తి చంద్రయ్య అడ్డుచెప్పాడు. కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తి నిలబడింది. మర్నాడు, జూలై 17న, ఆరుగురు మాదిగలను చంపారు. వాళ్ల గేదెల కుడితి బకెట్ కన్నా మన తాగునీరు తక్కువదని చెప్పడానికి జరిగిన హత్యాకాండ అది.

2016 జూలైలో, అమూల్ పుట్టిన గుజరాత్‌లోనే, ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకులను కట్టేసి కొట్టారు. మరుసటి నెలలో మన అమలాపురంలో కరెంటు షాక్‌తో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల మీద దాడి జరిగింది. పాల విప్లవం, గోరక్ష దాడి ఒకే పశువు చుట్టూ తిరుగుతున్నాయి. పాలు ఆగిన పశువును అమ్ముకోలేకపోతే దాన్ని మేపే భారం చిన్న రైతును ముంచుతుంది. భూమి లేని దళిత పాడి ఇంటిని ఇంకా ముందే ముంచుతుంది.

సినిమాకు తెలిసింది చట్టానికి తెలియలేదు

1976లో శ్యామ్ బెనెగల్ తీసిన ‘మంథన్’ ఈ సంగతిని దాచలేదు. గుజరాత్‌లోని ఐదు లక్షల మంది పాడి రైతులు తలా రెండు రూపాయలు వేసి తీసిన సినిమా అది. అందులో సంఘం ఎన్నికల్లో సర్పంచ్ మీద దళితుల అభ్యర్థి గెలుస్తాడు. ఓడిన పెత్తనం దళితవాడ మీద పగ తీర్చుకుంటుంది. పాల సంఘంలో అసలు గొడవ కుర్చీ గురించే అని యాభై ఏళ్ల కిందటే చూపించారు.

మరి చట్టం? 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో ఎస్సీలకు జనాభా నిష్పత్తిలో వార్డులు, సర్పంచ్ పదవులు రిజర్వు చేసింది. ఆ చట్టం లేకుంటే అనంతపురం పల్లెల్లో ఎంతమంది దళిత సర్పంచులు ఉండేవాళ్లో ఊహించుకోవచ్చు. కానీ ఊరి డబ్బు తిరిగే సహకార సంఘానికి ఆ సూత్రం రాలేదు. 2011 నాటి 97వ సవరణ సహకార సంఘం పాలకవర్గంలో ఒక్కటంటే ఒక్క స్థానం ఎస్సీ లేదా ఎస్టీకి, రెండు స్థానాలు మహిళలకు ఇవ్వాలంది. పాలకవర్గంలో 21 మంది దాకా ఉండొచ్చు. ఆ ఒక్కటీ నిలవలేదు. రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదన్న కారణంతో 2021 జూలైలో సుప్రీంకోర్టు ఆ భాగాన్ని రాష్ట్ర సంఘాల వరకు కొట్టేసింది. బహుళ రాష్ట్ర సంఘాలకు మాత్రమే మిగిలింది.

ఇంకోవైపు 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ప్రభుత్వ జోక్యాన్ని తగ్గించింది. పెద్ద డెయిరీలు కొన్ని దాని కిందికి, అక్కడి నుంచి ప్రొడ్యూసర్ కంపెనీలుగా కంపెనీల చట్టం కిందికి మారాయి. స్వేచ్ఛ మంచిదే. కానీ ప్రొడ్యూసర్ కంపెనీ బోర్డులో 5 నుంచి 15 మంది డైరెక్టర్లుంటే, అందులో ఒక్కరైనా దళితులు ఉండాలన్న నియమం లేదు. ప్రభుత్వం నుంచి విడుదల అయిన డెయిరీ కులం నుంచి విడుదల కాలేదు.

అందుకే ఒకే ఊళ్లో రెండు రకాల నాయకత్వం చూస్తాం. రిజర్వేషన్‌తో వచ్చిన దళిత సర్పంచ్ జెండా ఎగరేస్తాడు. పాల సంఘం అధ్యక్షుడు రోజూ డబ్బు పంచుతాడు. జనం ఎవరి ఇంటికి పోతారో చెప్పనక్కర్లేదు.

వేరే దారి ఉందా

ఉందనడానికి ఆనవాళ్లున్నాయి. తెలంగాణలోని ముల్కనూరులో 2002లో మొదలైన స్వకృషి మహిళా డెయిరీలో సభ్యులు ఆడవాళ్లే, బోర్డూ వాళ్లదే. పాలు పోసే మనిషికే ఓటు ఉండాలన్న సూత్రం మీద అది నిలబడింది. మిగిలిన లాభం బోనస్‌గా సభ్యులకే వెళ్తుంది. పాలు పిండే చెయ్యి సంతకం పెట్టే చెయ్యి కాగలదని అది చూపించింది. ఆడవాళ్ల సంఘం అన్నంత మాత్రాన కులం దానంతట అది పోదు, నిజమే. కానీ సభ్యత్వం భూమి పట్టాతో కాకుండా పోసిన పాలతో వస్తే భూమి లేనివాళ్లకు తలుపు తెరుచుకుంటుంది.

అనంతపురంలో 1969 నుంచి విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ దళిత, ఆదివాసీ, వెనకబడిన కులాల వాడల్లో పనిచేస్తోంది. ఇల్లు ఆడమనిషి పేరున రాయడం, ఆడవాళ్ల సంఘాల ద్వారా అప్పు తిప్పడం అక్కడ మామూలయ్యాయి. ఆ అప్పుతో కొన్న పశువుకు యజమాని ఎవరన్న విషయంలో ఊళ్లో అనుమానం ఉండదు. సంఘం వెనక ఉంటే పాల కేంద్రంలో రెండోసారి పరీక్ష అడిగే ధైర్యం వస్తుంది.

మనం అడగాల్సినవి

ఊరికి పోయే కార్యకర్తలూ, ప్రాజెక్టు పనిమీద పోయే విద్యార్థులూ పాల కేంద్రం దగ్గర ఆగి ఇవి నమోదు చేయండి. సభ్యుల జాబితాలో ఎస్సీలు ఎంతమంది, పాలు పోస్తున్న ఎస్సీలు ఎంతమంది? పోసినా సభ్యత్వం ఇవ్వకపోతే ఓటు లేదు, బోనస్ లేదు. చివరిసారి ఎన్నిక ఎప్పుడు జరిగింది? మిషన్‌ను ఎప్పుడు సరిచూశారు? చీటీ చేతికి ఇస్తున్నారా?

సమాచార హక్కు కింద నేరుగా సంఘాన్ని అడిగితే, మేము ప్రభుత్వ సంస్థ కాదంటారు. 2013లో కేరళ కేసులో సుప్రీంకోర్టు సహకార సంఘాలను అలాగే చూసింది, ప్రభుత్వ నిధులు గణనీయంగా ఉన్నవాటిని తప్ప. అందుకే దరఖాస్తు జిల్లా సహకార అధికారికి, పశుసంవర్ధక శాఖకు, ఎస్సీ కార్పొరేషన్‌కు వేయండి. వాళ్ల దగ్గరున్న రికార్డు వాళ్లు ఇవ్వాల్సిందే.

కులం పేరుతో పాలు తీసుకోకపోతే అది ఊరి ఆచారం కాదు, నేరం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఆర్థిక బహిష్కరణను నిర్వచించి, శిక్ష పెట్టింది. వ్యాపారం చేయడానికి నిరాకరించడం, సేవలు అందకుండా చేయడం దాని కిందికే వస్తాయి. ఊరుమ్మడి నేలను, నీటిని వాడుకోనివ్వకపోవడమూ ఆ చట్టంలో ఉంది. తేదీ, సమయం, పాలు తిప్పి పంపిన మనిషి, చూసినవాళ్లు, ఈ నాలుగూ రాసిపెట్టుకుంటే కేసు నిలబడుతుంది.

పథకాల విషయంలో మూడు డిమాండ్లు చాలు. ఎనుముతో పాటు మేతకు తడి భూమి ఇవ్వాలి, అది వ్యక్తికి కుదరకపోతే వాడ మొత్తానికి ఉమ్మడిగా బోరుతో సహా ఇవ్వాలి. 2013 నాటి ఎస్సీ ఉపప్రణాళిక చట్టం ఇలాంటి వాటికే ఉంది. ఊరుమ్మడి బీడులో దళితవాడ వాటాను కొలిచి హద్దు వేయాలి. ప్రభుత్వ సాయం, భూమి, మిషన్లు అందుకునే ప్రతి డెయిరీ, దాని పేరు సహకార సంఘమైనా కంపెనీ అయినా, పాలకవర్గంలో ఎస్సీలకు పాలు పోసే నిష్పత్తిలో కాదు, జనాభా నిష్పత్తిలో స్థానాలు ఇవ్వాలి. పాలు పోయనివ్వని ఊళ్లో పాల నిష్పత్తి అడిగితే సున్నాయే వస్తుంది కదా.

పాడిలో కొత్తదనం తెచ్చిన నాయకుల జీవితాలు రేపు కూడా రాస్తారు. ఆ పుస్తకంలో అనంతపురం ఎస్సీ కాలనీ నుంచి ఒక ఆడమనిషి పేరు ఉండాలంటే, ముందు ఆమె పాలు ఆ వరసలో తీసుకోవాలి, ఆమె పేరు సభ్యుల జాబితాలో ఎక్కాలి, తర్వాత బ్యాలెట్ మీద ఎక్కాలి. రేపు తెల్లవారుజామున మీ ఊరి పాల కేంద్రం దగ్గర మొదటి మెట్టు ఉందో లేదో చూసి రండి.